మా పార్టు కరెక్టే

కాలేజీ స్టాఫ్‌రూములో డిపార్టుమెంటుకో భోజనబల్ల. ఫిజిక్సు మేడం ఒక్కతే క్యారేజీ పట్టుకుని రోజుకో బల్ల దగ్గర చేరేది. ఆ తిరుగుళ్లలోంచే రెండో సంవత్సరం పిల్లలకు ఉమ్మడి ప్రాజెక్టు కోర్సు పుట్టింది. అన్ని డిపార్టుమెంట్ల పిల్లలూ ఒక జట్టు. పుస్తకంలో లేని, బయట ఎవరినో వేధిస్తున్న సమస్య ఒకటి తీసుకోవాలి. ఆ బాధపడేవాళ్లనూ కలుపుకుని అందరూ కలిసి తేల్చాలి. చివర్లో జట్టు మొత్తానికి ఒకే మార్కు. తోటివాళ్లు ఆ కోర్సును ‘కలగూరగంప’ అన్నారు. ఆవిడ నవ్వి ఊరుకుంది. కోపమొచ్చినా ఆవిడ గొంతు పెరగదు, చెవులు ఎర్రబడతాయంతే.

ఈ ఏడు సమస్యను ఆవిడ వదినే ఇచ్చింది. వదిన పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. వార్డు కిటికీల కిందే బస్సులు ఆగుతాయి. హారన్ల మోతకు రోగులకు పగలు కునుకు పట్టదు.

క్లాసులో ఎప్పుడూ ఫస్టు వచ్చే మెకానికల్ అమ్మాయి మోత కొలిచి, చెక్కలకు దూది దట్టించి కిటికీలకు బిగించింది. బయాలజీ అబ్బాయి అంతకు ముందే, కిటికీలు తెరిచి ఉండగా గాలి పరీక్షించి, బాగుందని రాసుకుపోయాడు. రెండు రిపోర్టులనూ ఒకే అట్టలో కుట్టించి మేడం బల్ల మీద పెట్టారు.

మర్నాడే వదిన ఫోను.

“మీ పిల్లలు మా కిటికీలకు పరుపులు కుట్టి పోయారు తల్లీ. మోత పోయింది, కాదనను. గాలీ పోయింది. ఇంకొన్నాళ్లు ఉంచితే మేమూ పోతాం.”

“తీయించెయ్ వదినా.”

“మా వడ్రంగి ‘మేం బిగించలేదు, మేం ముట్టుకోం’ అంటున్నాడు. మీవాళ్లనే పంపు.”

మేడం ఇద్దరినీ పిలిచింది.

“నా పార్టు కరెక్టే మేడం. మోత సగానికి పైగా తగ్గింది,” అంది అమ్మాయి.

“నాదీ కరెక్టే. నేను చూసినప్పుడు గాలి బాగానే ఉంది,” అన్నాడు అబ్బాయి.

“మీరిద్దరూ ఒక్కసారైనా కూర్చుని మాట్లాడుకున్నారా?”

“గ్రూపులో ఫైలు పెట్టుకున్నాం మేడం.”

“పోనీ, రోగుల్ని అడిగారా?”

“నిద్రపోతున్నారేమో, లేపడమెందుకని…”

“నిద్ర పట్టకే కదర్రా మిమ్మల్ని పిలిచింది!”

ఆవిడ చెవులు కందిపోయాయి. జట్టు మొత్తాన్నీ ఫెయిల్ చేసింది.

మర్నాడు పొద్దున్నే ప్రిన్సిపాల్ గదిలో పంచాయితీ.

“మా అమ్మాయి లెక్కలో తప్పుందా?” అన్నాడు మెకానికల్ హెడ్.

“లేదు.”

“మరి ఎవరో చేసినదానికి మా పిల్లను బలి చేస్తారా?”

“ఊపిరాడక మంచం దిగి వరండాలో కూర్చున్న పెద్దాయనున్నాడు సార్. వెళ్లి ఆయనకు చెప్పండి, లెక్క కరెక్టేనని.”

ప్రిన్సిపాల్ నుదురు రుద్దుకున్నాడు. “గొడవెందుకమ్మా? ఎవరి పార్టుకు వాళ్ల డిపార్టుమెంటు మార్కులేసుకుంటుంది. మీరో సంతకం పడెయ్యండి. లేదంటే వచ్చే ఏడు కోర్సు ఉండదు. సాయంత్రంలోగా చెప్పండి.”

“ఆ చెక్కలు ఎవరు తీస్తారు సార్?”

హెడ్లిద్దరూ కాగితాలు సర్దుకున్నారు.

“తియ్యడం ప్రాజెక్టులో లేదుగా,” అన్నాడు బయాలజీ హెడ్.

ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ భవనంలో గాలిది ఒక అంతస్తు, చప్పుడుది ఒక అంతస్తు. మనిషి ఏ అంతస్తులోనూ లేడు.

ల్యాబులోంచి స్క్రూడ్రైవరు తీసుకుని బయటికొచ్చింది. మార్కుల కోసం ఇద్దరూ గుమ్మం దగ్గరే కాచుకుని ఉన్నారు.

“మేడం, మా మార్కు…”

“నడవండి ముందు.”

వార్డు ఆవిరి పట్టినట్టుంది. మొదటి మరమేకు ఊడదీసేసరికే అమ్మాయి జబ్బలు చెమటతో తడిసిపోయాయి.

“పైన జానెడు వదిలితే చాలదూ? వేడిగాలి పైనుంచే పోతుంది,” అన్నాడు అబ్బాయి.

“మోత కూడా అక్కణ్ణించే వస్తుంది.”

“అయితే కింద వదులు.”

“కింద మంచాలున్నాయి, కనబడట్లేదా?”

“కొట్టుకుంటే కొట్టుకోండి గానీ, కాస్త మెల్లగా,” అన్నాడు వరండాలోంచి లేచొచ్చిన పెద్దాయన.

అమ్మాయి గబుక్కున అటు తిరిగింది. “తాతగారూ, మీకు మోత ఎక్కువ కష్టమా, ఉక్కా?”

“ఉక్క పొద్దస్తమానం. మోత మాత్రం అన్నం తిన్నాక పడుకునేటప్పుడే.”

“అంటే తెరిచి మూసుకునేలా ఉండాలి,” అన్నాడు అబ్బాయి.

“బరువెక్కువ. నర్సులు ఎత్తలేరు,” అంది అమ్మాయి. మళ్లీ మొదలుపెట్టారు.

మేడం ఫోను మోగింది. ప్రిన్సిపాల్.

“సంతకం పెట్టను సార్… కోర్సు పోతే పోనివ్వండి. డిపార్టుమెంటుకో ముక్క చేసి అదే పేరుతో నడిపించేకన్నా తీసెయ్యడమే మర్యాద.”

అమ్మాయి వింది. “మేడం, మరి మా మార్కు?”

“అదే, ఫెయిలే.”

“ఇప్పుడు సరిచేస్తున్నాం కదా!”

“ఊపిరాడక వాళ్లు గోలపెట్టాక చేస్తున్నారు.”

అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. మోచేత్తో తుడుచుకుని అబ్బాయి మీద విరుచుకుపడింది.

“చూస్తావేం? ఆ చివర పట్టుకో!”