దుప్పటి రెండో కొస

దుప్పటి మడత పెట్టడానికి ఇద్దరు కావాలి. ఇంట్లో అయితే మంచం మీద పరిచి ఒక్కరే ఎలాగోలా కానిచ్చేయొచ్చు. రోజుకి మూడు వందల దుప్పట్లు మడవాలంటే మాత్రం ఎదురుగా ఇంకో మనిషి ఉండాల్సిందే. చెరో పక్కా పట్టుకుని లాగాలి, ఒక్కసారి గట్టిగా విదిలించాలి, నడిచి దగ్గరికి వచ్చి కొసలు ఎదుటి మనిషి చేతిలో పెట్టాలి. దుప్పటికి రెండుసార్లు వాళ్ళ వేళ్ళు మన వేళ్ళకి తగులుతాయి. ఆసుపత్రి సెల్లార్‌లో ఉన్న లాండ్రీలో తొమ్మిదేళ్ళు నాకు ఎదురుగా నిలబడ్డ మనిషి వసపిట్ట.

వసపిట్ట మేం పెట్టిన పేరు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుంది, దానితో మాకు పనిలేదు. యంత్రాల రొదలో పక్కవాళ్ళు అరిచినా వినపడదు గానీ, ఆమె గొంతు మాత్రం ఖంగున వినపడేది. పొద్దున తలుపు తోసుకుని వస్తూనే మొదలు. బస్సులో ముసలాయన ఇంకొకరి చెప్పులు వేసుకుని దిగిపోవడం, పక్కింటావిడ పిల్లి బీరువాలో ఈనడం, తన మొగుడు కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతకడం. "ఊపిరి పీల్చుకోవే తల్లీ, పోతావ్" అనేదాన్ని. "పోతే నువ్వు హాయిగా ఉంటావుగా వదినా, అందుకే పోను" అనేది. చుట్టరికం ఏమీ లేదు, ఊరికే వదినా వదినా అనుకునేవాళ్ళం. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని అందరికీ తెలుసు. అందుకని రహస్యాలు తప్ప మిగతావన్నీ ఆమెకి చెప్పేవాళ్ళం.

నా సంగతి కూడా చెప్పేస్తాను. నన్ను అక్కడ మిరపకాయ అంటారు. నా నోటికి సూపర్‌వైజర్ కూడా జడుస్తాడు. ఇప్పుడు ఇదంతా చెప్తున్నది కూడా కోపంతోనే. అందులో ఎక్కువ వాటా నా మీదే.

ఉతికి ఆరిన దుప్పట్లని వేడి రోలర్‌లో పెట్టి ఇస్త్రీ చేస్తాం. రోలర్ ముందు ఒక అడ్డ కమ్మీ ఉంటుంది. చెయ్యి తగిలితే చాలు, యంత్రం టక్కున ఆగిపోతుంది. మంచిదే. కానీ దుప్పటి అంచు తగిలినా ఆగేది. ఆగితే మళ్ళీ వేడెక్కడానికి ఐదు నిమిషాలు. విసుగొచ్చి ఆ కమ్మీని పైకెత్తి, చిరిగిన దిండు గలీబు పీలికతో కట్టేసేవాళ్ళం. అలా కడితే పని అరగంట ముందే తెమిలేది. ఆ అరగంటా గోడవార పొడుగు బెంచీ మీద కూర్చుని టీ తాగేవాళ్ళం. వసపిట్ట చెప్పేది, మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళం. ఆ ఆవిరిలో, ఆ బ్లీచింగ్ వాసనలో మాకు దక్కిన సుఖం అదొక్కటే.

కమ్మీని ఎవరు ముందొస్తే వాళ్ళు కట్టేవారు. ఆ రోజు ముందొచ్చింది నేను. నేనెక్కిన స్టూలు కదలకుండా పట్టుకున్నది వసపిట్ట. పదకొండు గంటలకి పెద్దక్క చెయ్యి రోలర్‌లోకి వెళ్ళింది. పెద్దక్క అంటే మా అందరిలోకీ వయసులో పెద్దది, రోలర్ దగ్గర పదహారేళ్ళ నుంచి నిలబడుతున్న మనిషి. మూడు వేళ్ళు పోయాయి. ఆ కేక నాకిప్పటికీ వినపడుతుంది.

మర్నాడు విచారణకి ఆఫీసరు వచ్చాడు. అంతకుముందే అందరం ఒక మాట అనుకున్నాం, కమ్మీ దానంతటదే చెడిపోయిందని చెప్దామని. ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచాడు. "నాకేం తెలీదు సార్, నేను మడత బల్ల దగ్గరుంటాను" అన్నాను నేను. గొంతు వణకనైనా వణకలేదు. నా తర్వాత వసపిట్ట వెళ్ళింది. పావుగంటకి ఆఫీసరు ఆమెని వెంటబెట్టుకుని బయటికొచ్చి, అందరి ముందూ అన్నాడు: "ఇంతమందిలో నిజం చెప్పింది ఈవిడ ఒక్కతే. చూసి నేర్చుకోండి."

ఆ మెచ్చుకోలే ఆమె కొంప ముంచింది. ఆఫీసరు అటు వెళ్ళగానే అందరూ చుట్టుముట్టారు.

"ఏం చెప్పావే?"

"కమ్మీ కడతాం అన్నాను. ఎవరు కట్టారన్నాడు. అందరం అన్నాను. రేపు ఇంకొకరి చెయ్యి పోతే ఏం చేస్తాం వదినా?" అంది నా వైపు చూసి. నేను నేల వైపు చూశాను.

వారం తిరక్కుండా కమ్మీకి తాళం పడింది. గోడ మీద కెమెరా వచ్చింది. టీ అరగంట పోయింది, బెంచీని కూడా ఎవరో మోసుకుపోయారు. అది ఉన్నచోట 'మనమంతా ఒకే కుటుంబం' అని బోర్డు తగిలించారు. చెయ్యి మానాక పెద్దక్కని వరండాలు తుడిచే పనిలో వేశారు.

వసపిట్టతో మాట్లాడకూడదని ఎవరూ తీర్మానం చెయ్యలేదు. నలుగురితో నారాయణా అన్నట్టు జరిగిపోయింది. మొదలెట్టింది ఎవరో మాత్రం నాకు తెలుసు. బోర్డు పెట్టిన రోజు పొద్దున ఆమె దుప్పటి తీసి, రోజూ లాగే రెండో కొస నా వైపు విసిరింది. నేను అందుకోలేదు. తువ్వాళ్ళ బుట్ట దగ్గరికి వెళ్ళిపోయాను. తువ్వాలుకి ఒక్క మనిషి చాలు. కొస నేల మీద పడింది. "ఏంటి వదినా, చేతులకి నూనె రాసుకొచ్చావా?" అంది నవ్వుతూ. ఎవరూ నవ్వలేదు. అంతవరకూ తువ్వాళ్ళు మడిచే ఆవిడ ఆమెకి జంటగా వెళ్ళాలి, నడుం నొప్పి అంది. మర్నాటికి అందరికీ ఏదో ఒక నొప్పి వచ్చింది.

ఎందుకు చేశావంటే, చెయ్యి అలా అయిపోయిన పెద్దక్కని వరండాల పాలు చేసింది ఈవిడే కదా అని అందరికీ చెప్పుకున్నాను. శుద్ధ అబద్ధం. ఆమె మొహం చూస్తే నాకు ఆ స్టూలు కనపడేది. ఎప్పుడో ఒకప్పుడు నా పేరు బయట పెట్టేస్తుందని హడలు. నువ్వుగింజ నానని నోరు కదా. పెట్టేలోపు, ఆమె మాట ఎవరూ వినకుండా చేసేస్తే సరి అనుకున్నాను. ఆ పాడు తెలివి నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు.

మొదటి వారం ఒక్కతే బల్ల మీద దుప్పట్లతో కుస్తీ పట్టింది. తర్వాత, ఏప్రాన్లు తగిలించే ఇనప కొక్కెం ఒకటి గోడకి ఉంటే, రెండు కొసలూ కలిపి దానికి తగిలించి, వెనక్కి నడిచి లాగి, మళ్ళీ ముందుకి నడిచి మడవడం నేర్చుకుంది. ఎంత గింజుకున్నా సగం దుప్పట్లే అయ్యేవి. సూపర్‌వైజర్ నోటీసు మీద నోటీసు ఇచ్చాడు. భోజనం మానేసి మడిచేది. మొదట్లో తనలో తాను మాట్లాడుకునేది, తర్వాత కొక్కెంతో. "గట్టిగా పట్టుకో" అని దానితో అనడం చెవులారా విన్నాను. మేం మోచేతులతో పొడుచుకుని నవ్వాం. నేనూ నవ్వాను. కొన్నాళ్ళకి కొక్కెంతో కూడా మాట్లాడటం మానేసింది. మడిచిన కట్ట విప్పి మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకునేది. వెనక నుంచి ఎవరు నడిచినా ఉలిక్కిపడేది. ఏప్రాను తాడు నడుం చుట్టూ రెండుసార్లు తిరిగేటంత చిక్కిపోయింది.

అలా ఏడు నెలలు. ఒక సెలవు రోజు పొద్దున ఎవరో తలుపు కొడితే తీశాను. వసపిట్ట మొగుడు. తాళాలు బాగుచేస్తాడు, మాట తక్కువ. కూర్చోమంటే కూర్చోలేదు.

"చెల్లెమ్మా, మీ ఇద్దరికీ మాటా మాటా ఏమైనా వచ్చిందా?" అన్నాడు.

"అలా అడిగారేంటి అన్నయ్యా?"

"రోజూ ఇంటికొచ్చి మీ కబుర్లే చెప్పేది. ఈ ఏడు నెలలూ మరీనూ. వదిన ఇలా అంది, వదిన అలా అంది అని. మొన్నామధ్య మీ అల్లుడుగారి గురక సంగతి చెప్పారటగా, నీళ్ళ మోటారు అనుకుని పక్కింటివాళ్ళు వచ్చి కట్టేయమన్నారని. చెప్పి పడీపడీ నవ్వింది. ఇరవై రెండేళ్ళుగా మా ఇంట్లో రేడియో అవసరం లేకపోయింది చెల్లెమ్మా. పదిరోజుల్నుంచి ఒక్క ముక్క మాట్లాడదు."

అల్లుడి గురక సంగతి నేను చెప్పి రెండేళ్ళు దాటింది. నా పాత మాటలన్నీ ఉతికి ఆరేసి, కొత్తవిగా ఆయనకి చెప్పుకుంది. నేను ఆమె మొహం చూడని ఏడు నెలలూ నన్ను తన ఇంట్లో మాట్లాడించింది.

"సాయంత్రాలు మంచం మీది దుప్పటి తీసి వంటింటి తలుపు గొళ్ళేనికి తగిలించి మడుస్తుంది. విప్పుతుంది. మళ్ళీ మడుస్తుంది. ఒక కొస నేను పట్టుకోనా అంటే అదిరిపడి లాక్కుంటుంది. డాక్టరు నిద్రమాత్రలు రాశాడు. కొన్నాళ్ళు పని మానెయ్యవే అంటే, ఈ పది రోజుల్లో అన్నది ఆ ఒక్క మాటే... నేను మానేస్తే వదిన ఒక్కతే అయిపోతుంది, అంది."

"మాకేం గొడవల్లేవు అన్నయ్యా" అన్నాను. నమ్మాడు. దండం పెట్టి, "కాస్త కనిపెట్టుకుని ఉండండి" అని వెళ్ళిపోయాడు. తలుపు వేసుకుని నా చెంపలు నేనే వాయించుకున్నాను.

మర్నాడు పని మొదలవకముందే పై అంతస్తు వరండాలో పెద్దక్కని పట్టుకున్నాను. మిగిలిన రెండు వేళ్ళతో తుడుపుకర్ర పట్టుకుని తుడుస్తోంది.

"పెద్దక్కా, ఆ రోజు కమ్మీ కట్టింది నేను."

"తెలుసు. నీ ముడి నాకు తెలీదా? అంతకు ముందు రోజు కట్టింది నేను. ఎవర్నని ఏం లాభం?"

"మరి వసపిట్ట మీద..."

తుడవడం ఆపింది. "దాని మీద నాకెందుకే కోపం? నేను మంచం మీదున్న పద్దెనిమిది రోజులూ పని అవగానే పై వార్డుకి వచ్చి నా బుర్ర తిన్నది అదొక్కతే. మీలో ఒక్కరైనా వచ్చారా? మీకు పోయింది టీ, బెంచీ. దానికి నా చేతి పేరు పెట్టుకున్నారు."



మధ్యాహ్నం భోజనాల గదిలో అందరూ ఉన్నారు, వసపిట్ట తప్ప. లేచి నిలబడి చెప్పేశాను. స్టూలెక్కింది నేను, కట్టింది నేను. ఆమెకి తెలుసు. ఆఫీసరు గుచ్చి గుచ్చి అడిగినా అందరం అంది గానీ నా పేరు చెప్పలేదు. మనం వెలేశాక కూడా చెప్పలేదు. "దాని నోట్లో నువ్వుగింజ నానదన్నాం కదర్రా. ఏడు నెలలుగా నా పేరు నానుతోంది" అన్నాను. ఏడుపు ఆగలేదు.

"మానుతున్న పుండు ఇప్పుడెందుకే కెలకడం?" అంది నడుం నొప్పావిడ.

"ఎవరికి మానుతోందే?" అని అరిచాను.

డబ్బాల మూతలు పడ్డాయి. ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళి కాగితం మీద రాసిచ్చాను. ఫైలు మూసేశాం, ఇప్పుడు తవ్వొద్దు అన్నాడు.

కిందికి దిగాను. వసపిట్ట కొక్కెం దగ్గర ఉంది. "వదినా" అన్నాను. ఉలిక్కిపడింది. "అందరికీ చెప్పేశాను. నేనే కట్టానని చెప్పేశాను. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్కసారి నా వైపు చూడు" అన్నాను. కొక్కెం నుంచి కొసలు తీసి, రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను.

కొసల వైపు చూసింది. నా చేతుల వైపు చూసింది. నెమ్మదిగా నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. ఏడు నెలల తర్వాత ఆమె వేళ్ళు నా వేళ్ళకి తగలడం అదే. కొసలు తీసుకుని మళ్ళీ కొక్కేనికి తగిలించింది.

"ఇది వదలదు వదినా" అంది.

కోపంగా అని ఉంటే బాగుండేది. కొత్తగా చేరిన మనిషికి పని నేర్పుతున్నట్టు అంది.

ఇది జరిగి పద్దెనిమిది రోజులైంది. ఇప్పుడు నాతో కూడా ఎవరూ మాట్లాడరు. రోజూ పొద్దున తువ్వాళ్ళ బుట్ట వదిలేసి వెళ్ళి, గోడకి ఆనుకుని, సరిగ్గా కొక్కెం కింద నిలబడతాను. నోటీసులు ఇస్తున్నాడు, ఇచ్చుకోనీ. రెండు చేతులూ చాచి, అల్లుడి గురక సంగతి మొదట్నుంచీ చెప్తాను. బస్సులో ముసలాయన చెప్పుల సంగతి చెప్తాను. వచ్చినట్టు వాగుతాను, ఆమెలాగా నాకు రాదు. వింటోందో లేదో తెలీదు. దుప్పటి నా చేతుల మీదుగా, నా తల మీదుగా వెళ్ళి కొక్కేనికి తగులుకుంటుంది.