ఐదో బ్యాండ్ అప్ప

అప్ప పోయిందన్న మాట నేను ఫోన్లోనే విన్నాను. అప్పుడు చింతపల్లి ఆసుపత్రి వరండాలో నిలబడి ఉన్నాను. లోపల మంచం సిద్ధంగా ఉంది, పాము మందు సిద్ధంగా ఉంది, నర్సమ్మ సెలైన్ సీసా కూడా తగిలించి ఉంచింది. అవతల మాట్లాడింది ఆమె తమ్ముడు. “అప్ప నేదు బాబూ. దారిలోనే అయిపోనాది” అన్నాడు. అతని వెనక ఆకుల మీద వాన చప్పుడు, డోలీ కర్ర కింద పెట్టిన చప్పుడు, ఎవరో దగ్గడం, అన్నీ వినిపించాయి. మాట ఎక్కడా తెగలేదు. వాళ్ళ ఊరి కొండ వెనక నుంచి మాట అంత స్పష్టంగా రావడానికి కారణం ఆమే.

నేను కథలు రాసేవాణ్ణి కాదు. మైదానం నుంచి వచ్చి, సంత వీధిలో సెల్‌ఫోన్ల షాపు పెట్టుకున్నవాణ్ణి. ఆమె ముప్పై గడపల ఊళ్ళో ఆశా కార్యకర్త. నాకు చుట్టం కాదు. అప్ప అంటే మా వైపు అక్క. మొదట్లో ఆ పిలుపు కూడా లేదు. కొండ దిగి వచ్చే ఆడవాళ్ళని మా వీధిలో షాపులవాళ్ళందరూ ఎలా పిలిచేవారో నేనూ అలాగే “ఏమే” అనేవాణ్ణి. ఆమె నన్ను “బాబూ” అనేది. ఈ రెండు పిలుపులూ ఎలా మారిపోయాయో చెబితే ఆమె గురించి చాలావరకు చెప్పినట్టే.

కొన్నేళ్ళ కిందట ఒక సంత రోజున, తెచ్చిన రాజ్మా గింజలు అమ్ముకుని నా షాపు మెట్టెక్కింది. నోట్లో అడ్డపొగ. నిప్పు వైపు లోపలికి పెట్టి చుట్ట పీల్చే మనిషి పెదవి చివరి నుంచే మాట్లాడుతుంది.

“బాబూ, పురుడొత్తే ఆస్పత్రికి బేగి సెప్పాల. మా కొండెనకాల పలికీ ఫోనియ్యి” అంది.

నేను సెకండ్‌హ్యాండ్ ఫోన్ ఒకటి తీసి, ఆమె సిమ్ వేసి, తెర ఆమె ముఖం ముందు పెట్టాను. “చూడవే, నాలుగు గీతలూ ఉన్నాయి. ఫోర్‌జీ. ఇంకేం కావాలి?” అన్నాను. షాపుకి ఎదురుగానే టవర్ ఉంది. అక్కడ ఏ ఫోనుకైనా నాలుగు గీతలు వస్తాయి. ఆమె నమ్మింది. గుడ్డలో చుట్టుకుని రవిక లోపల పెట్టుకుని వెళ్ళింది.

ఆ ఫోన్ గురించి నాకు తెలిసి, ఆమెకు తెలియని సంగతి ఒకటుంది. అంతకు ముందు వారమే అది ఇంకో కొండ మీద నుంచి తిరిగొచ్చింది. కాఫీ తోటలో పనిచేసే ఒకాయన “తోటలో ఒక్క గీతా రాట్లేదు” అని తెచ్చి ఇచ్చేశాడు. ఎందుకు రావడం లేదో నేను అడగలేదు, చూడలేదు. తెర తుడిచి మళ్ళీ గాజు పెట్టెలో పెట్టాను. ఈ సంగతి అప్పకి ఎన్నడూ చెప్పలేదు. ఇక్కడే మొదటిసారి చెబుతున్నాను.

తర్వాతి సంతకి ఆమె ఫోన్ పట్టుకొచ్చింది. ఊళ్ళో పలకడం లేదంది. నేను తెర చూపించి, “ఇదిగో, ఇక్కడ నిండుగా ఉంది కదా. ఫోన్ తప్పేం కాదు. మీ కొండ పీకి పక్కన పెట్టించు, సిగ్నల్ వస్తుంది” అన్నాను. షాపులో ఉన్నవాళ్ళు నవ్వారు. ఇంకా నవ్వించాలనిపించి ఇంకేదో కూడా అన్నాను. ఆమె ఫోన్ చుట్టుకుని మెట్లు దిగింది.

మూడోసారి వచ్చింది సంత రోజు కాదు. తెల్లారి జీపుకి వచ్చినట్టుంది, నేను షట్టర్ ఎత్తేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది. నోట్లో చుట్ట లేదు. లోపలికి వచ్చి ఫోన్ కౌంటర్ మీద పెట్టింది.

ఆమె తమ్ముడి కూతురికి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. రక్తం ఆగలేదు. ఆ ఊళ్ళో పలికే ఫోన్ ఒక్కటే ఉంటే అది ఆవేళ సంతకి వెళ్ళిపోయింది. ఈమె చేతిలో నా ఫోన్ ఉంది. ఇంటి ముందు పట్టుకుంది, బండ మీదకెక్కి పట్టుకుంది, పనస చెట్టెక్కి పట్టుకుంది. ఒక్క గీతా రాలేదు. మధ్యాహ్నానికి బిడ్డ పోయింది, పొద్దు వాలకముందే తల్లి పోయింది. సాయంత్రం ఆ రెండో ఫోన్ సంత నుంచి తిరిగి వచ్చింది. ఈమె తన సిమ్ తీసి అందులో వేసి, అదే బండ ఎక్కి నిలబడింది.

“మూడు గీతలొచ్చినాయి” అంది. “అదే సిమ్ము, అదే బండ, అదే సెయ్యి. ఎందుకో సెప్పు.”

నేను నసిగాను. నా తప్పు కాదన్నాను. కంపెనీ అన్నాను, వాన అన్నాను.

“తప్పెవుడిదని అడగట్నేదు. ఎందుకో సెప్పు.”

“నాకు తెలీదు.”

“తెలీకుండానే అమ్ముతున్నావేటి?”

ఏడవలేదు, అరవలేదు. “తెలిసేదాకా నానిక్కడే కూకుంతాను” అని స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ పొద్దున్న నా బేరాలన్నీ ఆమెను దాటుకునే లోపలికి వచ్చాయి, ఆమెను చూసి వెనక్కి పోయాయి. చివరికి, టవర్లు బాగుచేసే టెక్నీషియన్ ఒకాయన రోజూ ఎదురు హోటల్లో టిఫిన్ తింటాడని గుర్తొచ్చి వెళ్ళి పిలుచుకొచ్చాను.

ఆయన ఫోన్ వెనక మోడల్ నంబర్ చూసి, తన ఫోన్లో ఆ నంబర్ కొట్టి చదివాడు. “వాళ్ళ ఊరికి దిక్కు కొండ ఇవతలున్న ఆ ఒక్క టవరే. అందులో పాత టూజీ లేదు, అంతా ఫోర్‌జీ. ఫోర్‌జీ అంటే ఒకటి కాదు. పద్దెనిమిది వందల మెగాహెర్ట్జ్ తరంగం ఉంది, ఇరవై మూడు వందలది ఉంది, ఎనిమిది వందల యాభైది ఉంది. పెద్దవి డేటా బాగా మోస్తాయిగానీ కొండ అడ్డొస్తే అక్కడే ఆగిపోతాయి. ఎనిమిది వందల యాభై దూరం పోతుంది, చెట్లలోంచి దూరుతుంది, కొండ అంచు మీంచి ఎంతో కొంత అవతలకి దిగుతుంది. వీటికి బ్యాండ్ నంబర్లుంటాయి. పద్దెనిమిది వందలకి మూడు, ఇరవై మూడు వందలకి నలభై, ఎనిమిది వందల యాభైకి ఐదు. ఈ ఫోన్లో మూడూ నలభయ్యే ఉన్నాయి. ఐదు లేదు” అన్నాడు.

ఆమె ఆయన వైపు తిరిగింది. “అయితే, సన్నాయి కొండవతలకి ఇనిపించదు, డప్పు ఇనిపిత్తాది. మా కొండకి డప్పొత్తంది. ఈ ఫోనుకి డప్పు ఇనీ సెవి నేదు. అదేనా?”

“అదేనమ్మా” అన్నాడాయన, ఆశ్చర్యపోతూ.

“ఇది డబ్బా మీద రాత్తారా?”

నేను కొత్త ఫోన్ డబ్బా ఒకటి తిప్పి చూశాను. ఆయన చెప్పింది నిజమే, ఒక మూల చీమ తలకాయలంత అక్షరాల్లో ఉంది. ఆమె దాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది. ఏడో తరగతి దాకా చదువుకుంది, అంకెలు బాగా వచ్చు.

“కెమెరా గురించి అంతలేసి రాసినారు. పేనం మీదికొచ్చీది ఇంత సిన్నగా రాసినారేటి?” అని డబ్బా నా చేతిలో పెట్టింది. ఆ రోజు తర్వాత నన్ను బాబూ అనలేదు. నేను మళ్ళీ ఏమే అనలేకపోయాను, అప్పా అనడం మొదలుపెట్టాను.

ఇంక రాదనుకున్నాను. తర్వాతి సంతకే వచ్చింది, వెంట ముగ్గురు మనుషుల్ని తీసుకుని. నన్ను చూపించి, పక్క షాపులోకి కూడా వినపడేలా చెప్పింది. “మా గుంటని సంపీసిన ఫోన్ అమ్మినోడు ఈడే. ఇప్పుడు బాగా సెప్తాడు. అడగండి.”

గుంట అంటే ఆడపిల్ల. ఆ వాక్యం ఆమె నోట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. వచ్చిన ప్రతి సంతకీ, తెచ్చిన ప్రతి మనిషికీ అదే పరిచయం. ఒకసారి నా భార్య షాపులో ఉంది. ఆమె ముందూ అంది. ఒకసారి మా మామగారు కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నారు. ఆయన ముందూ అంది. నేను తల వంచుకుని డబ్బాలు తీసేవాణ్ణి. వాళ్ళు నన్ను నమ్మేవాళ్ళు. అంతటి మాట పడి కూర్చున్నవాడు మళ్ళీ అబద్ధం చెప్పడనుకునేవారేమో.

షాపు మెట్టు మీద ఆమెకో చోటుండేది. చుట్ట నోట్లోంచి తీసి గోడకి నొక్కి ఆర్పి, చెవి మీద పెట్టుకుని, డబ్బా అందుకునేది. వేలితో గీత గీత చదివేది. “పేరు సూడకు, రంగు సూడకు. ఐదుందా అని అడుగు” అనేది. సెకండ్‌హ్యాండ్ ఫోన్లన్నిటి వెనకా బ్యాండ్ నంబర్లు రాసి తెల్ల టేపు అంటించమంది. అంటించాను. ఒకే పేరుతో వచ్చే ఫోన్లో కూడా మోడల్ నంబర్ చివరి అక్షరం మారితే బ్యాండ్లు మారిపోతాయనీ, వేరే దేశంలో అమ్మడానికి చేసిన ఫోన్ ఇక్కడ మూగదవుతుందనీ నేను నేర్చుకున్నది ఆమె వేసే ప్రశ్నలకి జవాబు చెప్పుకోలేకే.

ఒక పెళ్ళికొడుకు ఖరీదైన ఫోన్ పట్టుకుని వచ్చాడొకసారి. “ఇది ఫైవ్‌జీ అప్పా. ఐదున్నట్టే” అన్నాడు.

“ఒరే, ఫైజీ వేరు, ఐదో బ్యాండు వేరు. నీ పేరు రాజైతే రాజువైపోతావేటి? అసలు నంబరు సూపు.”

నంబర్లో ఐదు లేదు. మార్చుకుని వెళ్ళాడు. ఆ పిల్లవాడి ముఖం చిన్నబోయిందని నేనంటే, “సిన్నబోతే సావరు” అంది.

ఆమె మాటలు అలాగే ఉండేవి. జాలి పడటం ఆమెకి తెలుసో లేదో నాకు అనుమానమే. ఒకరోజు షాపులో ఇద్దరమే ఉన్నప్పుడు ధైర్యం చేసి అడిగాను. “అప్పా, ఆ మాట ఇంకా ఎన్నాళ్ళంటావు?”

“నువ్వు మర్సిపోయీదాకా అంతాను” అంది. “మర్సిపోతే మల్లీ మొదలెడతాను.”

ఈ వానల్లో, కాఫీ తోటలో కలుపు తీస్తుంటే ఆమెను పాము కరిచింది. తోటలోనే కూర్చుని, కాలు కదపకుండా, తనే అంబులెన్సుకి ఫోన్ చేసింది. మొదటి రింగుకే పలికారు. తర్వాత నాకు చేసింది. “పాము కరిసింది. ఆస్పత్రికెల్లి మందుందో నేదో సూసి సెప్పు. బేగి.”

నేను షాపు తెరిచే ఉంచి పరుగెత్తాను. మందుంది. ఆ మాటే చెప్పాను. “సరే” అంది.

అంబులెన్సు కూడా ఆలస్యం చేయలేదు. కానీ ఊరికి ఇంకా చాలా దూరం ఉండగానే, ముందురోజు వానకి కల్వర్టు కొట్టుకుపోయి, వాగు రోడ్డు మీదుగా పారుతోంది. బండి అక్కడ ఆగిపోయింది. ఊళ్ళోవాళ్ళు డోలీ కట్టి ఆమెను మోసుకుని బయలుదేరారు. డ్రైవరు ఆమెకి ఫోన్ చేస్తూ ఉన్నాడు, నేను చేస్తూ ఉన్నాను. మొదట్లో ఆమే ఎత్తేది. రెండోసారి మాట ముద్దగా వచ్చింది. మూడోసారి, “రెప్పలు ఎత్తనేకపోతన్నాను. నువ్వు మాటాడు, ఇంతాను” అంది. నేను ఏం మాట్లాడాలో తెలియక, మంచం సిద్ధంగా ఉందప్పా, మందు తీసి పెట్టారప్పా అని చెబుతూనే ఉన్నాను. ఎంతసేపు విన్నదో తెలియదు. ఆ తర్వాత ఫోన్లోకి వచ్చింది ఆమె తమ్ముడి గొంతే.

మర్నాడు ఆమె ఊరు వెళ్ళాను. ఇన్నేళ్ళలో వెళ్ళడం అదే మొదలు. ఆ ఊరికి ఎన్నో ఫోన్లు అమ్మాను, వాటికి అడ్డొచ్చే కొండ ఎలా ఉంటుందో ఒక్కసారీ చూడలేదు. మట్టి చేసి వచ్చాక ఆమె తమ్ముడు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు. చనిపోయిన ఆ పిల్ల తండ్రి అతనే. నేను గ్లాసు పట్టుకుని, “మీ గుంటకి జరిగినదానికి...” అని మొదలుపెట్టాను.

“నువ్వు కాదు బాబూ” అన్నాడతను. “ఆ దినం పలికీ ఫోను సంతకి అట్టుకెల్లింది నాను. ఇంట్లో ఒగ్గీమని అప్ప సెప్పింది. పసుపు ధర కనుక్కోవాలని ఇన్నేదు. ఒగ్గీసి ఎల్లుంటే గుంట బతికీది.”

నేను తలెత్తి అతన్ని చూశాను.

“ఊరంతా నన్ను అందామనుకున్నారు. అప్ప అననీనేదు. ఎవులు నోరెత్తినా, సంపినోడు సింతపల్లిలో ఉన్నాడు, రండి సూపిత్తాను అని నీ కాడికి అట్టుకొచ్చీసీది.”

నేను నీళ్ళు తాగి లేచాను. ఆమెను జాలి లేని మనిషని ఇన్నేళ్ళు అనుకున్నాను. ఉన్న జాలంతా ఒక్కడికే ఇచ్చేసింది, దాని బరువు నా మీద పెట్టింది. కోపం రావాలేమో. రాలేదు. తిరిగొచ్చిన ఫోన్ తుడిచి అమ్మినవాణ్ణి నేనే కదా.

దిగేటప్పుడు, పొద్దున్న తొందరలో దాటేసిన కల్వర్టు దగ్గర ఆగాను. వాన వెలిసింది. బురదలో అంబులెన్సు చక్రాల జాడలు స్పష్టంగా ఉన్నాయి. అవి ఒడ్డున ఆగిపోలేదు. రెండుచోట్ల నీళ్ళలోకి దిగి, వెనక్కి వచ్చి, కొంచెం పక్కకి జరిగి, మళ్ళీ దిగి ఉన్నాయి. ఆ డ్రైవరెవరో గట్టిగానే ప్రయత్నించాడు. నేను చెప్పులు చేత్తో పట్టుకుని వాగులోకి దిగాను. ముందురోజు బండిని ఆపేసిన నీళ్ళు ఇప్పుడు మోకాలి దాకా కూడా లేవు.