తడి గోడ మీద మా బావ చేయి

పోయిన నెల మా బావ చనిపోయాడు. వనపర్తి దవాఖాన నుంచి అక్క ఫోన్ చేసి, “మీ బావకు ఇగ దగ్గు లేదురా” అన్నది.

కొత్తకోట నుంచి గద్వాల దాకా ఎన్నో ఇళ్ళ లోపలి గోడలకు ఆయన రంగులు వేశాడు. నాకు పని నేర్పింది ఆయనే. కొత్తలో నేను రంగు మిగులుతుందని ఆరిపోయిన రోలర్‌నే గోడకేసి గట్టిగా నొక్కేవాడిని. చారలు పడేవి. “ఏంది బామ్మర్దీ, గోడకు ఒళ్లు నొప్పులున్నయా, గట్ల పిసుకుతున్నవ్? పిండి కొద్ది రొట్టె. రంగు నిండుగ తీస్కో, మెల్లగ పో” అనేవాడు. ముందు అడ్డదిడ్డంగా రంగు పరిచి, తర్వాత పైనుంచి కిందికి ఒకే వైపు తేలిగ్గా లాగేవాడు. అంచు తడిగా ఉండగానే పక్క పట్టీ దాని మీదికి ఎక్కాలి. అందుకే గోడ మధ్యలో ఆగేవాడు కాదు. ఇంటివాళ్ళు తెచ్చిన చాయ్ గిన్నెలోనే చల్లారిపోయేది.

రోలర్ కంటే ముందు గోడ గుంతలు పూడ్చే లప్పం ఉంటుంది. అది ఆరాక రెగ్మాల్ కాగితంతో రుద్ది నున్నగా చేయాలి. ఆ పని ఇంకెవరికీ ఇచ్చేవాడు కాదు. గదంతా తెల్లటి దుమ్ము లేచేది. అక్క రోజూ పాత చీర ముక్క ముక్కుకు కట్టి పంపేది. పనికి చేరేసరికి అది మెడలోకి జారేది. ఊపిరి ఆడటం లేదనేవాడు. ఆ గుడ్డతోనే రంగు డబ్బా అంచులు తుడిచేవాడు. సాయంత్రం ఆ మరకలు చూసి అక్క ఏడ్చేది. గోడ మీద నలుసుంటే రోలర్ ముట్టని మనిషి, తన ఛాతీని మాత్రం దుమ్ముకు వదిలేశాడు. నాకు ఇప్పటికీ కోపమే.

చివరి పని గద్వాలలో. హాలు గోడ సగం అయ్యాక దగ్గు తెర వచ్చింది. తడి గోడకు చేయి ఆనించి, అలాగే కిందికి జారిపోయాడు. నేను రోలర్ పడేసి పట్టుకుంటే, అంచు ఆరిపోతుంది, ముందు గోడ చూడమని సైగ చేశాడు. నేను వినలేదు.

దవాఖానలో మాట పెగిలిన ఒక్కసారి ముక్కు మీది మాస్కు తీసి, “గా గోడ గట్లనే ఉంచకు” అన్నాడు. అక్కను అప్పగిస్తాడనుకున్నాను. గోడను అప్పగించాడు.

దినవారాలయ్యాక గద్వాల వెళ్ళాను. ఆగిన చోట నిలువునా ముదురు చార. దాని పక్కన ఆయన అరచేయి, కిందికి ఈడ్చుకుపోయిన ఐదు వేళ్ళు, రంగు గట్లు కట్టి ఎండిపోయి ఉన్నాయి. ఆ ఇంటి పెద్దామె, “ఉండనీ బిడ్డా, అడ్డంగ బీరువా పెట్టుకుంటం” అన్నది. నాకూ ఉంచేయాలనే ఉంది. కానీ బీరువా వెనక గోడకు కూడా రెండు కోటింగులు వేసిన మనిషి ఆయన. ఆ గట్ల మీద రోలర్ ఎన్నిసార్లు తిప్పినా అవి దాగవు. రుద్ది చదును చేయాల్సిందే.

మూలన ఆయన రెగ్మాల్ ముక్క దొరికింది. తీసుకుని రుద్దడం మొదలుపెట్టాను. వేళ్ళు తొందరగానే పోయాయి. అరచేయి ఎంతకీ పోలేదు.