సమ్మమ్మ మగ్గం ఆగని రోజు

2022వ సంవత్సరం జూలై పద్నాలుగవ తేదీ, గురువారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు, వారం రోజులుగా విడువని ముసురులో, రమాకాంత్ వరంగల్ కొత్తవాడలోని సమ్మమ్మ ఇంటి గడప ముందు గొడుగు ముడిచాడు. పాతకాలపు ముఠాల మీద తీస్తున్న ఒక టీవీ ధారావాహికకు కథా, మాటలూ అతనివే. తెర మీద వాడ వాడలాగే కనిపించాలని అతని పట్టుదల. అందుకోసం హసన్‌పర్తి నుంచి వస్తూ ఆరు నెలలు ఈ సందుల్లో తిరిగాడు. ఇప్పుడు చిత్రీకరణకు ఒక గుంట మగ్గం కావలసి వచ్చింది. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు వేలాడేసి, లోపలి తొక్కుడు కర్రలను తొక్కుతూ నేసే అటువంటి మగ్గం ఆ సందులో సమ్మమ్మ ఇంట్లోనే మిగిలింది.

సమ్మమ్మకు యాభై ఎనిమిదేళ్లు. జంపఖానాలు నేసి నేసి భుజాలు రాయిలా గట్టిపడిన మనిషి.

“మగ్గం ఇస్త గని, అండ్ల నా ముచ్చట ఏం రాసినవో జర సదివి ఇనిపియ్యి సారూ” అన్నది.

రమాకాంత్ సంచిలోంచి కాగితాలు తీశాడు.

ఆ సందుకు ఒకప్పుడు ఒక కట్టు ఉండేది. ముఠావాళ్లు మలుపు తిరగగానే మొదటి ఇంటి మగ్గం ఆగేది. అది విని రెండవ ఇల్లు, అది విని మూడవది. కేక లేదు, ఈల లేదు. సద్దు అణిగిందంటే దాగవలసినవాడు దాగేవాడు. 1989 ఆషాఢంలో, ముఠా విడిచిపెడతానన్న కుమారస్వామి కోసం ముఠా నాయకుడు దాదాతో సహా వాళ్లు వచ్చిన రోజున సందులోని మగ్గాలన్నీ ఆగాయి. అతని తోడబుట్టిన సమ్మమ్మ మగ్గం ఒక్కటే ఆగలేదు. ఆ చప్పుడు పట్టుకుని వాళ్లు తిన్నగా ఆ ఇంటికే వెళ్లారు. కుమారస్వామి ఆ తరువాత ఎవరి కంటా పడలేదు. తమ్ముణ్ణి పట్టి ఇచ్చిన అక్క అని వాడ తీర్మానించింది. రమాకాంత్ రాసుకున్నదీ అదే.

తల వంచుకుని చదివాడు. ఆమె చివరిదాకా విన్నది.

“ఎవలు జెప్పిండ్రు?”

“అందరు గిదే జెప్పిండ్రమ్మా. పక్కింటి పోశవ్వ గూడ.”

“చెప్పక ఏం జేస్తది? ముప్పై మూడేండ్లాయె, అది నా గడప తొక్కక. గోడ అవతల దగ్గుతది, గంతే మా ముచ్చట.” మళ్లీ అన్నది: “దాదా అరుసుకుంట వచ్చిండని రాసినవు. వాడు అరవలే. చెప్పులు బయట ఇడిసి వచ్చిండు.”

“చెప్పులిడిసిండా?”

“మగ్గం కాడికి చెప్పులతోని ఎవడొస్తడు సారూ? వాడు సుత గీ వాడ పోరడే.”

రమాకాంత్ కలం తీసి ఆ మాట కొట్టేశాడు. ఆరు నెలలలో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఎట్లా చెబుతారు? ఆ రోజు ఈ ఇంటి లోపల ఉన్నది ఆమె ఒక్కతే.

“మరి మీ తమ్ముడు యాడున్నడు?”

సమ్మమ్మ వేలు గుంటవైపు చూపింది.

“అండ్ల మనిషి పడ్తడా?”

“దిగి సూడు. నువ్వు వానికంటె జర బొద్దుగున్నవు గని, పడ్తవు.”

అతడు దిగాడు. మోకాళ్లు గడ్డానికి ఆనించి, తొక్కుడు కర్రల కింద ముడుచుకున్నాడు. సమ్మమ్మ పైన కూర్చుని కాళ్లు దించింది. నేత మొదలయింది. ప్రతి తొక్కుకూ కర్ర వచ్చి అతని వీపుమీద పడుతున్నది. తల మీదుగా పేక నూలు మోసే నాడె ఇటూ అటూ పరుగెడుతున్నది. నూలు ధూళి ముక్కులో చేరి ఊపిరి బరువెక్కినా, ఆ దడదడలో తన రొప్పు తనకే వినిపించలేదు.

ఠక్కున ఆమె మగ్గం ఆపింది.

ఇల్లంతా ఒక రొప్పు నిండిపోయింది. ఎవరిదో అనుకుని ఉలిక్కిపడ్డాడు. అది తనదే.

“ఇన్నవా? వానికి ఆయాసం. నేను ఆపితె వాని ఊపిరి ఇనవడ్తది. అందుకే ఆపలే.”

అటక మీద, ధాన్యపు గుమ్మి వెనుక, పొయ్యింటిలో వాళ్లు వెదికారట. దాదా వట్టి కాళ్లతో ఆమెకు బారెడు దూరంలో నిలిచి, నీ తమ్ముడేడని మెల్లగా అడిగాడట.

“కాజీపేటల రైలెక్కిండు, ఉరికితె అందుతడు అన్న. వాళ్లు పొయ్యేటాల్లకు మూరెడు నేసిన. ఒక్క పోగు తప్పలే.”

రమాకాంత్ వెంటనే పైకి రాలేకపోయాడు. తన తల మీద వేలాడుతున్న ఆ పగుళ్ల పాదాలను, గుడిలో నిలబడ్డవాడిలా చూస్తూ ఉండిపోయాడు.

“ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదమ్మా?”

“చెప్తె మాట ముఠా చెవుల వడ్తది, వాళ్లు ఏటూరునాగారం దాక పోతరు. తమ్ముడు ఆడ సైకిల్ దుకాణం పెట్టుకొని, పెండ్లి జేసుకొని బతికిండు. పోయిన మాఘంల జబ్బు జేసి పోయిండు. ఇగ నాకేం ఫికర్?”

గడప దగ్గర అలికిడి అయింది. నేత నడుమ మగ్గం ఠక్కున ఆగితే ఆ తరం వాళ్లకు ఇప్పటికీ గుండె జారుతుంది. పోశవ్వ ముసురులో తడుస్తూ పరుగెత్తి వచ్చి, ఆ మాటలన్నీ విని, చూరు కింద నిలిచి ఉన్నది.

“నాకన్న చెప్పకపోతివేందే!”

“నీకు చెప్తె సందు మొత్తానికి చెప్పినట్టేనాయె!”

పోశవ్వ నవ్వబోయి ఏడ్చింది. చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.

రమాకాంత్ ఆ ఘట్టాన్ని మొదటినుంచి తిరిగి రాశాడు. దాదా వేషం కట్టిన సాయికిరణ్ చెప్పులు గడప బయటే విడిచాడు, కేకలు వేయలేదు. మగ్గం తొక్కిన పాదాలు సమ్మమ్మవే. ఆ భాగం 2023 ఫిబ్రవరి 11, శనివారం ప్రసారమయింది. పోశవ్వ దానిని సమ్మమ్మ ఇంట్లో కూర్చుని చూసింది. ఏటూరునాగారంలోని సైకిల్ దుకాణాన్ని కుమారస్వామి అల్లుడు నడుపుతున్నాడు. సమ్మమ్మ అదే గుంట మగ్గం మీద నేస్తున్నది.