సోమవారానికి ఉంచిన పన్ను

మేడమ్ చనిపోయారని మెసేజ్ వచ్చినప్పుడు నేను అబిడ్స్‌లో, ఫోన్లు బాగుచేసే మా దుకాణంలో, ఒక ఫోను విప్పుకుని కూర్చున్నాను. పంపింది ఆమె దగ్గర చదువుకున్న డాక్టరక్క. "తమ్మి, మేడమ్ పొద్దుగాల పోయిన్రు. నిద్రలనే." అంతే ఉంది. ఏ స్క్రూ ఎక్కడిదో మర్చిపోయాను. ఆ ఫోను అలాగే వదిలేసి నాంపల్లికి నడిచాను. దారిలో మేడమ్ నాకు పంపిన ఆఖరి మెసేజ్ తెరిచాను. "ఈ సోమవారం ఖాళీయేనా నాన్నా?" అని ఉంది. అది వచ్చి పన్నెండు రోజులు. చదివాను కానీ జవాబు పంపలేదు.

మేడమ్ పళ్ళ డాక్టర్ల కాలేజీలో పాఠాలు చెప్పేవారు. నాంపల్లిలో మేము కిరాయికి ఉండే బిల్డింగులోనే మూడో అంతస్తులో ఒక్కరే ఉండేవారు. మేము కింద. సాయంత్రాలు అబిడ్స్‌లో ఒక చిన్న గదిలో పేషెంట్లను చూసేవారు. నాకు చిన్నప్పటి నుంచీ మనుషులతో మాట్లాడటం రాదు. ఏదైనా చెప్పాలంటే ఫోనులో టైపు చేసి పంపుతాను. ఇదీ అలాగే పంపుతున్నాను. మేడమ్ విద్యార్థులు ఆమె గురించి వేస్తున్న చిన్న పుస్తకంలో నువ్వూ రాయాలని అక్క అడిగింది. నా చదువు ఆరో తరగతితో ఆగిపోయింది. తప్పులు తను దిద్దుతానంది.

నాకు పన్నెండేళ్ళప్పుడు కింద కుడివైపు దవడ పన్నుకు గుంత పడింది. పైన ముందు పన్ను ఒకటి సగం విరిగి ఉండేది. అమ్మ నన్ను అబిడ్స్ గదికి తీసుకెళ్ళింది. నా పళ్ళ అచ్చు తీయడానికి మేడమ్ గులాబీ రంగు ముద్ద నోట్లో పెట్టి నొక్కారు. నాకు వాంతి వచ్చినంత పనైంది.

"కాలి వేళ్ళు ఆడించరా. ఆడించు. ఇంకా. ముక్కుతో గాలి పీల్చు."

నేను కాలి వేళ్ళు ఆడిస్తూ వాంతి సంగతి మర్చిపోయాను. మేడమ్ అచ్చు బయటికి తీసి, నీళ్ళ కింద కడిగి, వెలుగులోకి ఎత్తి చూశారు. "ఈ పన్ను బతుకుతుందమ్మా. సోమవారం తీసుకురండి. లోపల శుభ్రం చేసి మూసేస్తాను," అని అమ్మతో అన్నారు.

ఆదివారం కర్ఫ్యూ అన్నారు. సోమవారం లాక్‌డౌన్ అన్నారు. అబిడ్స్ గదికి తాళం పడింది. కాలేజీకీ పడింది.

ఆ కాలేజీలో ప్లాస్టిక్ తలకాయలు ఉంటాయి. వాటి నోట్లో ప్లాస్టిక్ పళ్ళు ఉంటాయి. పళ్ళ డాక్టరు కావాలనుకునే పిల్లలు ముందు వాటి మీద చెయ్యి తిప్పుకున్నాకే మనిషి నోట్లో చెయ్యి పెడతారు. ఆ తలకాయలన్నీ లోపలే ఉండిపోయాయి. పిల్లలు ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. మేడమ్ ఇంట్లో మిగిలింది, ప్లాస్టర్ పోద్దామని అబిడ్స్ నుంచి తెచ్చుకున్న నా అచ్చు ఒక్కటే.

ఒకరోజు మేడమ్ నుంచి మెసేజ్ వచ్చింది. "నీ పళ్ళు మా పిల్లల పాఠానికి వాడుకోనా?"

నేను "ఔ" అని పంపాను.

ఆమె తన వంటింట్లో ప్లాస్టర్ కలిపి, నా కింది దవడను నలభై సార్లు పోశారు. మెట్ల మీదికి తెల్లటి పొడి వచ్చేది. కొరియర్లు తిరగడం మొదలవగానే ఒక్కోటి పాత చీర ముక్కలో చుట్టి పంపారు. ఇంట్లో చుట్టాలు వచ్చినా గదిలో దాక్కునే నా పళ్ళు అట్లా నలభై ఇళ్ళకు వెళ్ళాయి.

తర్వాత పాఠాలు. మేడమ్ ఇడ్లీ స్టాండుకు రబ్బరుబ్యాండుతో ఫోను కట్టి, దాని కింద అచ్చు పెట్టి చూపించేవారు. నన్నూ లింకు నొక్కి కూర్చోమన్నారు, నా ముఖం కనపడకుండా కెమెరా ఆపుకోమన్నారు. "నీ నోరే కదరా, నీకూ తెలియాలి." అమ్మ ఫోనులో రోజూ వినేవాడిని. ఆమె అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పింది ఒకే మాట. ఉంగరం వేలు పక్క పన్ను మీద ఆనించాకే పనిముట్టు కదపాలి. ఆనిన చెయ్యి వణకదు.

"ఆనించారా?" అని అడిగేవారు. తెర మీద పిల్లల ముఖాలకు బదులు నల్ల డబ్బాలే ఉండేవి. "ఎవరైనా చెప్పండర్రా. ఆనించారా?" కాలేజీలో అయితే వెనక నిలబడి వాళ్ళ చేతి మీద తన చెయ్యి వేసి చూపేవారట. తెరలో చెయ్యి కనపడుతుంది, దాని బరువు కనపడదు అనేవారు. అందుకని అందరినీ నిమ్మకాయలు తెచ్చుకోమన్నారు. తొక్క మీద గీత పడాలి, రసం రాకూడదు. నేనూ మా ఇంట్లో సూదితో గీశాను. మొదటి వారం చేతులన్నీ నిమ్మరసమే.

పాఠం అయ్యాక మేడమ్ మాస్కు పెట్టుకుని పై మెట్ల మీద కూర్చునేవారు. అమ్మ కింద మెట్టు మీద.

"నలభై నల్ల డబ్బాలకు చెప్తున్నానమ్మా. వింటున్నారో, పడుకున్నారో. వీళ్ళు రేపు నిజం మనిషి నోట్లో చెయ్యి పెట్టాలి. నాకు భయంగా ఉంది."

"ఇంటున్రు మేడమ్. మావోడు జూడున్రి, నోరు తెరిస్తె ముత్యాలు రాల్తయనుకుంటడు. గని అన్నీ ఇంటడు."

మేడమ్ నవ్వారు. ఆ రోజుల్లో ఆమె నవ్వగా చూసింది అదొక్కసారే.

నొప్పి మొదలైంది. మొదట చల్లనీళ్ళు తాగితే, తర్వాత ఊరికే. మేడమ్ మాత్రలు చెప్పారు, ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నారు. ఆ పన్ను తెరిచి శుభ్రం చేయాలంటే మిషను తిప్పాలి. తిప్పితే నోట్లో తుంపర గది నిండా లేస్తుంది. కరోనా భయంతో అప్పుడు ఆ పని ఎవరినీ చేయనివ్వడం లేదు. మూడంతస్తుల పైన డాక్టరు ఉన్నారు. కింద నేను దవడ పట్టుకుని దిండులో ముఖం పెట్టుకుని ఉన్నాను.

ఒకరోజు పాఠం సరిగ్గా ఆ పన్ను మీదే. నా బుగ్గ వాచి కన్ను సగం మూసుకుపోయింది. అయినా లింకు నొక్కాను. నలభై మంది నా పన్ను గుంత శుభ్రం చేస్తున్నారు. ఎవరో ఒకబ్బాయి, "గీ పోరడు చాక్లెట్లు మస్తు మింగినట్టుంది మేడమ్," అన్నాడు. అందరూ నవ్వారు. అన్ని రోజుల్లో మొదటిసారి ఆ నల్ల డబ్బాల నుంచి నవ్వు వినపడింది.

ఒక అక్క మాత్రం, "మేడమ్, గీ పేషెంటుకు నొప్పున్నదా?" అని అడిగింది.

మేడమ్ చెయ్యి అచ్చు మీద ఆగిపోయింది. "ఉందమ్మా," అన్నారు. "ఇప్పుడు కూడా ఉంది." ఇక పాఠం చెప్పలేదు. తెర ఆరిపోయింది.

మర్నాడు పొద్దున ఆమె కిందికి వచ్చారు. గేటు దగ్గర దూరంగా నిలబడి నా బుగ్గ చూశారు. "పీకించేయండమ్మా. ఇంక ఆగితే వాపు గొంతులోకి దిగుతుంది. పీకడమైతే సర్కారు దవాఖానలో చేస్తున్నారు. చీటీ రాసిస్తాను."

"బతుకుతది అంటిరి గద మేడమ్. సోమారం అంటిరి గద," అంది అమ్మ.

అమ్మ ఆమెను తిట్టలేదు. ఊరికే అంది. మేడమ్ గోడవైపు తిరిగి, చీటీని గోడకు పెట్టి రాశారు. చాలాసేపు రాశారు. ఉన్నది రెండే వాక్యాలు.

పన్ను పోయింది. స్కూలూ అట్లాగే పోయింది. ఫోనులో చెప్పే పాఠాలు నాకు ఎక్కలేదు. తర్వాత స్కూలు తెరిచినా, నోట్లో ఆ సందుతో క్లాసులో నిలబడి చదవాలంటే భయమేసింది.

కాలేజీ తెరిచాక మేడమ్ నన్ను పిలిచారు, విరిగిన ముందు పన్ను బాగుచేయిస్తానని. కుర్చీ పక్కన ఉన్నది ఆ రోజు పాఠంలో నొప్పి గురించి అడిగిన అక్కే, ఇప్పుడు నాకు మెసేజ్ పెట్టిన డాక్టరక్క. బతికున్న మనిషి నోరు ఆమెకు అదే మొదలు. ఆమె పట్టుకున్న చిన్న అద్దం టకటకమని నా పళ్ళకు తగిలింది.

వెనక నుంచి మేడమ్, "ఆనించు," అన్నారు.

అక్క ఉంగరం వేలు నా పన్ను మీద ఆనింది. వణుకు ఆగింది. నిజంగానే ఆగింది. మేడమ్ గట్టిగా ఊపిరి వదలడం నాకు వినపడింది.

"నీ నోరు నాకు ఎరుకే తమ్మి," అంది అక్క ధైర్యంగా. "కండ్లు మూసుకున్నా జెప్త. కింద గీ ముందు పన్ను జర అడ్డం. గీడ రెండు ఒకదాని మీదొకటి ఎక్కినయ్. గీడ మన దవడ పన్ను..." ఆగిపోయింది. "మేడమ్, గీడ పన్నేది?"

"లేదమ్మా."

"గట్లెట్ల మేడమ్? నేను మూడుసార్లు నింపిన గద."

"మీరు నింపేటప్పటికే లేదు. చెబితే మీ చేతులు ఆగిపోతాయని చెప్పలేదు." మేడమ్ దీపాన్ని నా నోటి మీదికి సరిచేశారు. "నలభై మంది దాన్ని బతికించారు. నేను బతికించలేకపోయాను."

అక్క మాస్కు తడిసింది. అయినా పని ఆపలేదు. ఆ రోజు తను కట్టిన ముందు పన్ను ఇప్పటికీ ఊడలేదు.

ఆ సందులో కొత్త పన్ను తన చేత్తోనే పెడతానని మేడమ్ అనేవారు. "దవడ ఎదగాలిరా. పద్దెనిమిది నిండనీ." ఆరేళ్ళు ఎదురుచూశారు. మెట్ల మీద కనపడితే బుగ్గ చూసేవారు. ఈ మధ్య నాకు పద్దెనిమిది నిండగానే మెసేజ్‌లు మొదలయ్యాయి. సోమవారం రా. ఈ సోమవారం కుదురుతుందా. నేను "వస్త మేడమ్" అని పంపేవాడిని. వెళ్ళేవాడిని కాదు.

దుకాణంలో పని వల్ల కాదు. నేను నోరు తెరిచి ఆ సందు కనపడినప్పుడల్లా ఆమె ముఖం గేటు దగ్గర చీటీ రాసిన రోజులా అయిపోయేది. నేను నోరు తెరవకపోతే ఆమెకు నయం అనుకున్నాను. అది పూడిస్తేనే ఆమెకు నయమని నాకు తట్టలేదు. ఇప్పుడు ఎవరికి చెప్పాలో తెలియడం లేదు.

ఆమె పోయిన రోజు నేను నాంపల్లి చేరేసరికి మేడమ్ ఇల్లంతా ఆమె విద్యార్థులు. చాలామంది ఇప్పుడు డాక్టర్లు. నన్నెవరూ గుర్తుపట్టలేదు, వాళ్ళకు తెలిసింది నా పళ్ళే కదా. అక్క నన్ను మేడమ్ బల్ల దగ్గరికి తీసుకెళ్ళింది. "గిది నీదే తమ్మి. నువ్వే తీస్కో."

అది మొదట పోసిన అచ్చు. దవడ పన్ను అందులో ఉంది. గుంత అలాగే ఉంది. నలభై మంది చేత నింపించిన మేడమ్ తన దగ్గరున్న దాన్ని ముట్టుకోలేదు. పన్ను చుట్టూ పెన్సిలుతో ఒక సున్నా. తిప్పి చూస్తే అడుగున నా పేరు, దాని కింద ఆమె అక్షరాలతో "సోమవారం".

దుకాణంలో ఎంత చిన్న స్క్రూ పట్టుకున్నా నా ఉంగరం వేలు ముందు దేనికో ఒకదానికి ఆనుతుంది. అక్కడా తెలియకుండానే ఆ పన్ను పక్క పన్ను మీద వేలు ఆనించాను. ప్లాస్టర్ చల్లగా ఉంది. ఆనించాను. అయినా చెయ్యి వణుకుతూనే ఉంది.