సరళక్క నమ్మని వేగం

నిన్న స్టూడియోలో కంప్యూటర్ ఆన్ కాకపోతే, దాని మెమరీని, అంటే ర్యామ్‌ను బయటికి తీసి, బంగారు రంగు అంచును పెన్సిల్ చెరిపే రబ్బరుతో రుద్దాను. ఆ రబ్బరు వాసన తగలగానే, ఈ చిట్కా నేర్పిన సరళక్క గుర్తొచ్చింది. అబిడ్స్‌లో ఒక సందు చివర, మెట్లెక్కితే ఆమె కంప్యూటర్ల దుకాణం. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆ లెక్కన ఆమెకు ఊరంతా శత్రువులే ఉండాలి, కానీ ఆ మెట్ల మీద ఎప్పుడూ జనమే.

నేను నాంపల్లిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. అప్పుడు స్టూడియో కొత్త. ఎవరు ముంచుతారోనని ఒళ్లంతా కళ్లు చేసుకుని ఉండేవాణ్ణి. ఆమె దగ్గర కొన్న రెండు ర్యాముల మీద 3200 అని ఉంది. బిగించి చూస్తే తెర మీద 1600 కనిపించింది. కంప్యూటర్ ఎత్తుకుని కోపంగా వెళ్లాను.

"సగం స్పీడ్‌ది అంటగట్టిన్రు గదక్కా!"

"జర ఆగు. అది ఒక్క దెబ్బకు రెండుసార్లు డేటా పంపుతది. నీకు కనబడ్డది దెబ్బల లెక్క. రెండింతలు చెయ్యి, ఎంతైతది?" అంటూనే పెట్టె విప్పింది. "రెండూ పక్కపక్కన గుచ్చినవ్. నడుమ ఒక స్లాటు ఇడిస్తేనే రెండు దార్లు తెరుసుకుంటయ్. డ్యూయల్ చానల్ అంటే గదే. గిప్పుడు రెండూ ఒక్క దార్లనే తోసుకుంటున్నయ్."

మార్చాక పని నిజంగానే చురుకైంది. అయినా నా అనుమానం తీరలేదు. ఇంత తెలిసిన మనిషి మోసం చేస్తే నాకెలా తెలుస్తుంది?

పెళ్లిళ్ల సీజన్ రాగానే, ర్యామ్‌ను దాని మీద రాసినదాని కన్నా వేగంగా పరుగెత్తించమని అడిగాను. ఓవర్‌క్లాకింగ్ అంటారు దాన్ని. ఆమె ఇష్టం లేకుండానే చేసింది.

"ఇయ్యాల గీడనే ఉండనియ్. పరీక్ష పెట్టాలె."

వదిలి వెళ్తే లోపలి సామాను మార్చేస్తారని విన్నాను. వద్దన్నాను. ఆమెకు అర్థమైపోయింది.

"నువ్వు నన్ను అనుమానిస్తున్నవ్, నేను నీ మిషన్‌ను అనుమానిస్తున్న. ఆగిపోతే ఫికర్ లేదు, తెలుస్తది. ఆగకుంట తప్పు రాస్తే ఎట్ల తెలుస్తది? కెమెరా కార్డు మాత్రం తుడ్వకు."

బెదిరించి బేరం పెంచుకుంటోందనుకున్నాను. కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆగలేదు. ఉస్మాన్‌గంజ్ వ్యాపారి కూతురి పెళ్లి అందులోకి కాపీ చేశాను. కార్డు తుడిచేయబోతే ఆమె మాట అడ్డొచ్చింది. తిట్టుకుంటూనే సొరుగులో పడేశాను.

ఎడిట్ మొదలుపెట్టకముందే పెళ్లికూతురి నాన్న గుండెపోటుతో పోయారు. అప్పగింతలు ఒక్కసారి చూపించమని ఆ అమ్మాయి వచ్చింది. కాపీ తెరిస్తే ఆయన మొహం నిండా ఆకుపచ్చ గళ్లు, గొంతు ముక్కలు ముక్కలు. సొరుగులోని కార్డు తీసి కెమెరాలో పెట్టి టీవీకి తగిలించాను. ఆయన కూతురి తల నిమురుతూ, "పోయిరా బిడ్డా, నవ్వుకుంట పో" అంటున్నారు. ఆ అమ్మాయి టీవీకి దగ్గరగా జరిగింది.

"మల్లొక్కసారి వెయ్యన్నా."

ఆ సాయంత్రమే కంప్యూటర్ తీసుకెళ్లి సరళక్కకు జరిగింది చెప్పాను. "ఇప్పుడన్న ఇడిశిపెట్టి పోతవా?" అంది. పెట్టి వచ్చాను.

ఇవాళ్టికీ కాపీ మొత్తం నడిపి చూడనిదే ఏ కార్డూ తుడవను. మా స్టూడియో వాళ్లు చాదస్తం అంటారు. అననీ. ఆ అమ్మాయి వెనక నిలబడి వాళ్ల నాన్న మాట రెండోసారి విన్నది నేను.