టీచరమ్మగారి టేకు కుర్చీ

మా పక్కింటి టీచరమ్మగారు పోయారు. "అత్తయ్య ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు ఆంటీ," అని ఆవిడ కోడలు ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. నాకు ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఎందుకో చెబుతాను.

శ్రీకాకుళం నుంచి బదిలీ మీద పద్మారావు నగర్ వచ్చినప్పుడు లారీలో మా మంచం కోడు విరిగింది. పారేయబోతుంటే ఆవిడ గోడ మీంచి కేకేశారు. "విరిగింది కోడమ్మా, మంచం కాదు. ఇలా పట్రా!"

రిటైరైన లెక్కల టీచరు. వరండాలో పాత చీర పరుచుకుని, ఉప్పుకాగితంతో చెక్క రుద్ది, స్పిరిట్‌లో కరిగించిన లక్కను బనీను గుడ్డతో పూసేవారు. నాకూ నేర్పారు. "చెక్క పెరిగిన వైపే రుద్దు. ఎదురు రుద్దితే గీతలు చచ్చినా పోవు," అనేవారు. హడావిడి పడితే, "అంత తొందరైతే బజారుకెళ్ళి కొత్తది కొనుక్కో," అని ఒక్క విసురు విసిరేవారు. వేళ్ళకి పాలిష్ మరకలుండగానే కాఫీ కలిపి ఇచ్చేవారు.

ఇంట్లో సామానంతా నిగనిగలాడేది, ఒక్క టేకు కుర్చీ తప్ప. దాని కాళ్ళు బిగించేవారు, వీపు తుడిచేవారు, కూర్చునే పలక జోలికి మాత్రం పోయేవారు కాదు. పలక మీద రంగు పోయి రెండు మచ్చలుండేవి. ఓపిక లేక వదిలేశారనుకున్నాను. అడిగితే నా నోటి ముత్యాలు రాలిపోయేవి కాబోలు.

నిరుడు తుంటి విరిగి ఆవిడ మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నారు. ఇంటి తాళంచెవి నా దగ్గరే ఉంది. వచ్చేసరికి సంతోషపెడదామని ఆ కుర్చీ పట్టుకున్నాను. మచ్చలు పోయేదాకా రుద్ది, ఏడు పూతలు వేశాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

ఆవిడ వచ్చి చూశారు. పలక మీద చెయ్యి వేసి, చాలాసేపు అలాగే ఉంచారు.

"మా ఆయన, మాస్టారు, రోజూ దీని ముందే మోకరించేవారమ్మా. మోచేతులు ఇక్కడ ఆనించి ప్రార్థన చేసుకునేవారు. ఆయన పోయాక నేనూ అక్కడే ఆనించేదాన్ని."

నేను కాళ్ళ మీద పడబోయాను. "ఊరుకో. నేర్పింది నేనేగా," అన్నారు. చెంప పగలగొట్టినా ఇంత బాధ ఉండేది కాదు. ఆ తర్వాత మంచం మీదే కూర్చుని ప్రార్థన చేసేవారు. తుంటి నొప్పి అనేవారు. నా ఎదుట మళ్ళీ ఉప్పుకాగితం పట్టలేదు.

సమాధి చేసిన నాలుగో రోజున ఇల్లు ఖాళీ చేశారు. "గుర్తుగా ఏదన్నా తీసుకోండి ఆంటీ," అంది కోడలు. ఆ కుర్చీ ఏ మొహంతో అడగను? పాత సామాను కొనేవాడు దాన్ని ఎత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గీ కుర్చీ మస్తుగున్నదమ్మా! పాలిష్ ఎవరు చేసిండ్రు?"

కోడలు నా వైపు చూసి నవ్వింది. నేను తల దించుకున్నాను.

ట్రాలీ ఆటో కదిలింది. సామానంతటికీ పైన కుర్చీ. ఎండ పడి దాని పలక, ఒక్క మచ్చ లేకుండా, వీధి మలుపు దాకా మెరుస్తూ పోయింది.